వార్తకూ వంటింటికీ మధ్య ఎన్ని రోజుల ఎడం?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఉప్పల్‌లో అద్దె ఇల్లు, మీకు ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, మీ శ్రీమతికి బడిలో టీచరు పని, ఇద్దరు పిల్లలు. నర్సంపేట అవతల ఊళ్లో 2 ఎకరాల 30 గుంటల (ఎకరానికి నలభై గుంటలు) భూమి, పాత పెంకుటిల్లు, ఒక బావి, అక్కడ ఒంటరిగా ఉంటున్న 66 ఏళ్ల అమ్మగారు. ఉద్యోగాల కోతలు, అమెరికా సుంకాలు, యూరియా వరుసలు, తుపాన్లు, రాజకీయ రభస రోజూ చూసి చూసి విసుగెత్తి, వచ్చే ఉగాదికి రాజీనామా చేసి ఊరికి వెళ్లిపోవాలనుకుంటున్నామని, 12 లక్షల అప్పుతో ఎనిమిది ముర్రా బర్రెలు, ఎకరంన్నర మిరప పెడతామని, మన తిండి మనం పండించుకుంటే ఇక ఏ ప్రభుత్వంతోనూ పని ఉండదని రాశారు. ఇది సరైన ఆలోచనేనా అని అడిగారు.

ఊరికి రావాలన్న ఆలోచన మంచిదే. అప్పు నెత్తిన పెట్టుకొని వచ్చే ఉగాదికే రావడం మాత్రం తప్పని నా అభిప్రాయం. నేను 2003లో హనుమకొండలో చేస్తున్న ఉద్యోగం విడిచి, వర్ధన్నపేట వైపు మా ఊళ్లోని నాలుగెకరాలకు వచ్చినవాడిని. మీరు ఇప్పుడు చేయబోతున్న పొరపాట్లలో సగం నేను అప్పుడే చేసి ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట, ప్రభుత్వంతో పని ఉండదన్న మాట దగ్గరే ఆగుదాం. పట్నంలో జీతగాడికి ప్రభుత్వంతో ఉండే పని కంటే ఊళ్లో రైతుకు ఉండే పని ఎక్కువ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వస్తున్నది; మీ మోటరు దాని మీదే తిరుగుతుంది. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతున్నదంటే మిగతా ఖర్చు కేంద్రం భరిస్తున్నది కనుకనే. వడ్లు మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రానికి, పత్తి కేంద్రప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి, పట్టాదారు పాసుపుస్తకం కోసం తహసీలు కార్యాలయానికి వెళ్లక తప్పదు. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి ఆ ఏడాది చివరిదాకా ఎత్తివేశారు. ఆ వార్త ఢిల్లీలో పుట్టిన రెండు నెలలకు మా ఊరి పత్తి మార్కెట్‌కు వెళితే, పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉండగా, బయటి వ్యాపారి అంతకన్నా తక్కువకే అడిగాడు. కాబట్టి ఊరు లోకానికి దూరంగా ఉండే చోటు కాదు. పొలం, పెరడు, గుమ్మిలో (వడ్లు నిల్వచేసే గాదెలో) గింజ మీకు ఇచ్చేది వ్యవధి. పత్రికలో పడిన చెడు వార్త మీ పొయ్యి దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతుందన్నదే అసలు లెక్క. నెల జీతం మీద, నెలసరి సరుకుల మీద బతికే ఇంటికి ఆ ఎడం 30 రోజులు. నేను ఊరికి వచ్చిన తొలి ఏడాది, అంతా మిరప పెట్టినందుకు, అది ఇంకా తగ్గి పదిహేను రోజులకు వచ్చింది; బియ్యం సైతం కొనుక్కుని తిన్నాం. ఇప్పుడు మా ఇంట్లో అది సుమారు పది నెలలు. ఆ మార్పుకు నాకు ఏడేళ్లు పట్టింది.

ఆ వ్యవధి ఎలా పని చేస్తుందో మొన్నటి సంగతితో చెబుతాను. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అది కోస్తా గొడవ అనుకొని పడుకున్నాం. మరునాడు తెల్లవారింది మొదలు రాత్రి దాకా వాన తెరిపి ఇవ్వలేదు. భీమదేవరపల్లి మండలంలో ఆ ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా వాకిట్లో మోకాలు లోతు నీళ్లు నిలిచాయి. మధ్యాహ్నానికి కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోన్లు మూగబోయాయి. కల్లంలో ఆరబోసిన మా వడ్లు తడిసి నాలుగో రోజుకు మొలకెత్తాయి. పత్తి కాయలు చెట్టు మీదే నల్లబడ్డాయి. అంటే ఆ ఏడాది అమ్ముకోవలసిన పంటలో సగం పోయినట్లే. కాని ఇంటి లోపల, రెండడుగుల రాతి దిమ్మె మీద కూర్చోబెట్టిన గుమ్మిలో పాత వడ్లు పొడిగా ఉన్నాయి. అటక మీద కందిపప్పు డబ్బా, పల్లినూనె క్యాను, సజ్జ మీద ఎండు మిరపకాయలు, చింతపండు, వసారా మూలన టార్పాలిన్ కింద నెల రోజుల కట్టెలు ఉన్నాయి. బ్యాటరీ రేడియోలో ఆకాశవాణి వరంగల్ వార్తలు వింటూ, చేదతో బావి నీళ్లు తోడి మరగకాచుకొని, మూడు రోజులు మేమూ మరో రెండిళ్లవాళ్లూ కలిసి వండుకొని తిన్నాం. పంట నష్టం ఎంతన్నది అప్పటికి తేలలేదు, కాని మూడు పూటలా పొయ్యి వెలిగింది.

ఇలాంటి రోజులు అరుదనుకోకండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడి రాష్ట్ర రికార్డులకెక్కింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఇల్లు బాగు చేయించేటప్పుడు మీ ఊరి పెద్దలను అడిగి, వారికి గుర్తున్నంతలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీత గీయించండి. ఆ గీతకు రెండడుగుల పైన గింజ ఉండాలి.

ఇక లెక్కకు వద్దాం. మీ ఇంట్లో అయిదుగురు. పిల్లలను కలుపుకొని మనిషికి రోజుకు సగటున 350 గ్రాముల బియ్యం అనుకుంటే ఏడాదికి దాదాపు 640 కిలోలు. నూరు కిలోల వడ్లకు 65 కిలోల బియ్యం వస్తాయి కనుక పది క్వింటాళ్ల వడ్లు కావాలి. విత్తనం, పండుగలు, చుట్టాలకు మరో రెండు క్వింటాళ్లు. తెలంగాణ సోనా వంటి సన్నరకం ఎకరాకు 20 క్వింటాళ్లు వచ్చినా 24 గుంటలు చాలు. పప్పు మనిషికి రోజుకు 50 గ్రాములైతే ఏడాదికి 90 కిలోలు, అంటే 130 కిలోల కందులు. వర్షాధారంగా పది పన్నెండు గుంటలు. మా ప్రాంతానికి వరంగల్ పరిశోధన స్థానం నుంచి వచ్చిన రుద్రేశ్వర రకం నేను చాలా ఏళ్లు వేశాను. నూనె నెలకు రెండు లీటర్లయితే 80 కిలోల పల్లికాయ కావాలి. ఎర్ర చెలకలో అయిదారు గుంటలు. కూరగాయలకు ఇంటి వెనక ఆరు గుంటలు. అన్నీ కలిపితే 48 గుంటలు. మీకున్నవి 110. అంటే సగం భూమి కంటే తక్కువలో ఇంటి తిండి తేలుతుంది. మిగతాది పశుగ్రాసానికీ, అమ్ముకొనే పంటకూ ఉంటుంది. మీ పథకంలో ఎకరంన్నర మిరపకు, మిగిలినదంతా గడ్డికి పోయి, తిండికి ఒక్క గుంట కూడా మిగలలేదు. తిండి కోసం ఊరికి వస్తామన్న మీరు వేసుకున్న లెక్క ఇది.

2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తుంటే 24 గుంటల్లో వరి ఎందుకని మీరు అడగవచ్చు. మా ఊళ్లోనే కొందరు నన్ను అడిగారు. ఆ బియ్యం బాగున్నాయి, అవసరమున్నవారు తప్పక తీసుకోవాలి. కాని కార్డు నియమాలు మారతాయి, పేర్లు తీసేస్తారు, కలుపుతారు. పైగా వరి వేస్తే బియ్యమొక్కటే కాదు, పశువుకు గడ్డి, కోళ్లకు నూక, తవుడు వస్తాయి. నీళ్లు సరిపోని ఏడాది మాత్రం వరికోసం పట్టుబట్టకుండా మక్కలో జొన్నలో వేయండి. జొన్న గటక తిన్న ఇల్లే మీది కూడా. మీ అమ్మగారిని అడగండి.

గింజ నిల్వ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ ఉన్న వడ్లు తీసుకుంటారు. అదే తేమతో గుమ్మిలో పోస్తే నెలలోపే వేడెక్కి ముక్కవాసన వస్తుంది. ఇంటి నిల్వకు 13 శాతానికి దిగాలి. తేమ కొలిచే యంత్రం లేకపోతే గింజను పంటి కింద పెట్టి చూడండి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి, టక్కుమని విరిగితే సరి. కందుల సంగతి వేరు. పుచ్చుపురుగు గుడ్డు పొలంలోనే కాయ మీద పడుతుంది. మీరు ఎంత శుభ్రమైన డబ్బాలో పోసినా అది లోపలే ఉంటుంది. అందుకే పాతవాళ్లు కందులను కందులుగా ఎక్కువకాలం ఉంచేవారు కాదు. మూడెండలు ఎండబెట్టి, నానవేసి, మళ్లీ ఎండబెట్టి, విసిరి పప్పు చేసి పెట్టుకొనేవారు. పప్పుకు ఆ పురుగు పట్టదు. విత్తనానికి ఉంచుకొనే నాలుగైదు కిలోలకు మాత్రం కిలోకు చిన్న చెంచాడు పల్లినూనె పట్టించి, నీడన ఎండిన వేపాకు వేసి, బిగుతు మూత పెట్టండి. 2006లో నేను ఈ సంగతి తెలియక ఒకటిన్నర క్వింటాలు కందులు బస్తాల్లో ఉంచితే, శ్రావణంలో బస్తా విప్పేసరికి గింజగింజకూ సూదితో పొడిచినట్లు రంధ్రం, చేతిలోకి తీసుకుంటే పొట్టు, పిండి. బర్రె కూడా ముట్టలేదు.

ఇప్పుడు మిరప. వరంగల్ వాడికి మిరప చేయవద్దని చెప్పడం సులభం కాదు. ఏనుమాముల మార్కెట్‌లో ఎర్రటి గుట్టలు చూసినవారికి ఆశ పుడుతుంది; మన చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏమైందో గుర్తుంచుకోండి. ఆ ఏడాది 30 గుంటల మిరప మీద నేను 1,10,000 రూపాయలు పెట్టాను. పూత నిండా నల్లటి పురుగు, పూవు విప్పితే చీమల్లా కదిలేది. పదమూడుసార్లు మందు కొట్టాం. ప్రతిసారీ కొత్త సీసా, కొత్త పేరు, పాత పురుగే. 2022 జనవరిలో వడగళ్లు పడి మిగిలినది కూడా రాలిన తర్వాత చెట్లు పీకించి మక్క వేశాను. అంతకుముందు, 1997-98లో లద్దెపురుగు పత్తిని తిన్నప్పుడు, మందుల దుకాణంలో, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు తీర్చే దారి లేక వరంగల్ జిల్లాలో ఎందరో పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేను అప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. మా పక్క ఊరికి పరామర్శకు వెళ్లి చూసిన ఇల్లు ఇంకా కళ్ల ముందు ఉంది. గదిలో ఖాళీ మందు డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి, వంటింట్లో గింజ లేదు. పురుగు రావడం ఎవరి చేతుల్లోనూ ఉండదు. పొలమంతా ఒక్కటే పంట, పెట్టుబడంతా అప్పు, తినే గింజ కూడా కొనుక్కోవలసిందే అన్న ఏర్పాటు మాత్రం మన చేతుల్లోనిదే. మిరప పెట్టాలనుకుంటే 15 గుంటలు దాటవద్దు, అదీ సొంత డబ్బుతో. ఆ పంట మొత్తం పోయినా ఇల్లు కదలకూడదు.

రాష్ట్రంలో కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా 2020 వానాకాలం నుంచి అమలు ఆగిందనీ, మళ్లీ చేరతామన్న మాటను 2024 నుంచి వింటున్నామనీ కూడా లెక్కలో పెట్టుకోండి. వడగళ్లకో వరదలకో ఎకరాకు 10,000 రూపాయల పరిహారం ప్రకటించిన సందర్భాలున్నాయి. వస్తే మంచిదే, దాన్ని నమ్ముకొని విత్తనం వేయవద్దు.

యూరియా గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. 2025 ఆగస్టులో సొసైటీల ముందు తెల్లవారుజామునుంచే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు కూర్చున్నది నిజమే. మన పక్కనే రామగుండంలో ఎరువుల కర్మాగారం ఉన్నా, దేశానికి కావలసినదానిలో కొంత సముద్రం దాటి రావాలి. ఎక్కడ ఆగినా ఇక్కడ వరుస పెరుగుతుంది. నేను యూరియా పూర్తిగా మానలేదు, మానానని చెప్పుకొనేవారిని చూసి మీరు భయపడవద్దు. జనగామ జిల్లాలో ఏనెబావి అనే ఊరు 2006లోనే రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకొంది. అది ఊరంతా ఒక్క మాట మీద, ఏళ్ల తరబడి చేసిన పని, ఒక్కరు ఒక్క ఏడాదిలో చేయగలిగినది కాదు. నేను చేసేదల్లా ఇది: తొలకరికి ముందు వరి మడిలో పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, 45 రోజులకు పూత రాకముందే దమ్ములో కలిపేస్తాను, ఎండాకాలం గొల్లకురుమలతో మాట్లాడి రెండు రాత్రులు గొర్రెల మంద కట్టిస్తాను, 2015లో మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్ల కొద్దీ ఒండ్రు తోలించుకున్నాను, ఆ మడి ఇప్పటికీ తేడా చూపిస్తుంది. వీటితో ఎకరాకు ఒక బస్తా తగ్గింది. వరుసలో నిలబడవలసివచ్చినా అది వారం ఆలస్యమైతే కొంప మునగదు.

ఎనిమిది బర్రెల మాట. ఒక్కో బర్రెకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి కావాలి, అంటే ఎనిమిదింటికి రోజూ రెండు క్వింటాళ్లకు పైగా కోసి, మోసి, తరిగి వేయాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పిండాలి. పెళ్లి ఉన్నా, జ్వరమున్నా, జాతరున్నా. గాలికుంటు టీకా, వానలకు ముందు గొంతువాపు టీకా తప్పకూడదు. ఒక్క బర్రెతో మొదలుపెట్టి రెండేళ్ల తర్వాత రెండోదాని గురించి ఆలోచించండి. పది నాటుకోళ్లు చాలు. కోడిపిల్లలకు ఏడో రోజున లసోటా టీకా చుక్కలు వేయించకపోతే కొక్కెర రోగానికి ఒక్క వారంలో గంప ఖాళీ అవుతుంది.

ఇంతకీ ఆ పాలు ఎవరు పిండుతారు? మీరు రాసినదాంట్లో మీ శ్రీమతి అభిప్రాయం ఒక్క వాక్యంలో కూడా లేదు. సొంత తిండి, పెరటి కూర, ఇంటి పాలు అని మగవాళ్లం గొప్పగా చెప్పుకొనే బతుకులో ముప్పావు వంతు ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. ఇది నేను 2014లో మా ఇంటావిడ ముంజేయి విరిగి ఆరు వారాలు కట్టుతో కూర్చున్నప్పుడు తెలుసుకున్నాను. అంతవరకు పొలం నాది, నేనే కష్టపడుతున్నానని అనుకొనేవాడిని. రెండో వారానికి వడియాలు పెట్టేవారు లేరు, విత్తనాల మూటలకు బూజు పట్టింది, కోడి ఎక్కడ పొదిగిందో నాకు తెలియదు, సొరతీగ ఎండిపోయింది. పుంటికూర ఏ మడిలో ఉందో ఆమె మంచం మీద నుంచి చెబితే వెళ్లి తెచ్చాను. మీ శ్రీమతి టీచరు పని మానేయాలన్న ఆలోచన ఉంటే దాన్ని వదిలేయండి. నర్సంపేటలో బడి దొరికితే ఆ జీతమే మీ ఇంటికి అసలైన పంట బీమా. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులని కూడా రాశారు. ఆమె దగ్గర ఉన్న విద్య మీకు కావాలి, ఆమె కూలి కాదు.

కోతుల సంగతి మీరు మరిచారు. మన వైపు ఊళ్లో పెరడు పెట్టినవాడి మొదటి శత్రువు కోతే. టమాట, వంగ, జామ, మక్క ఒక్క పూటలో ముగిస్తాయి. మా దొడ్డిలో పసుపు, కందగడ్డ జోలికి రాలేదు. ఆరు గుంటల చుట్టూ, పైన కూడా వల వేయించడానికి డబ్బు దాచండి, లేదా పగలంతా అరుగు మీద కూర్చొనే ముసలాయన్ని వెతుక్కోండి. మాకు రెండూ అవసరమయ్యాయి.

కరెంటు పోయినా ఉంటుందని ఇంటి మీద సౌరఫలకాలు పెడతామన్నారు. రాయితీతో వచ్చే మూడు కిలోవాట్ల ఏర్పాటు బిల్లు తగ్గిస్తుంది, నిజమే. కాని అది లైనుకు కలిపే రకం. లైనులో కరెంటు పోతే, స్తంభం మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా, దానంతట అదే ఆగిపోతుంది. తుపాను రాత్రి అది మీకు ఒక్క బల్బు కూడా వెలిగించదు. ఆ రాత్రికి కావలసింది బ్యాటరీతో విడిగా ఉండే ఒక చిన్న పలక, రెండు దీపాలు, ఫోను ఛార్జింగు. బావికి గిలక, చేద తీసేయకండి.

కాగితాలు ఉద్యోగంలో ఉండగానే సరిచేసుకోవాలి, ఎందుకంటే తిరగడానికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. భూమి రికార్డులకు 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. నా పాసుపుస్తకంలో 12 గుంటలు తక్కువ పడితే సరిచేయించడానికి ఒక కార్యాలయం చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగాను. ప్రతిసారీ వేరే కాగితం అడిగేవారు. రైతు భరోసా ఎకరాకు సీజనుకు 6,000 చొప్పున పట్టా ఉన్నవారి ఖాతాలోకే వస్తుంది. రైతు చనిపోతే కుటుంబానికి ఇచ్చే రైతు బీమా 5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారులకే. భూమి అంతా మీ అమ్మగారి పేరనే ఉంటే ఆమె వయసు దాటింది, మీకు పట్టా లేదు, ఇద్దరికీ వర్తించదు. మీ తోబుట్టువులతో మాట్లాడుకొని, అమ్మగారి బతుకుతెరువుకు లోటు రాకుండా, కొంత భాగం మీ పేరు మీదికి మార్పించుకోవడం గురించి ఆలోచించండి. రాజీనామా చేసిన రోజు కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. మీకు అది వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకొని, లేకపోతే సొంతంగా పాలసీ తీసుకోండి. పాము కరిస్తే విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి మీ ఊరికి ఎంత దూరమో, రాత్రి పూట ఎవరి బండి దొరుకుతుందో ఇప్పుడే కనుక్కోండి. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లేటప్పుడు టార్చి, మోకాలి దాకా బూట్లు లేకుండా వెళ్లవద్దు.

మనుషుల గురించి ఒక్క మాట కూడా రాయలేదు మీరు, బర్రెల గురించి, ఫలకాల గురించి రాశారు. 2024 ఫిబ్రవరి మొదట్లో పంచాయతీల గడువు ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్లు మా ఊరికి సర్పంచి లేడు. ప్రత్యేకాధికారికి అనేక ఊళ్ల పని. ఎండాకాలం మా వాడ బోరింగు చెడిపోతే పద్దెనిమిది ఇళ్లవాళ్లం ఇంటికి 200 వేసుకొని బాగు చేయించుకున్నాం. అందులో మూడు పార్టీలవాళ్లు ఉన్నారు. ఎన్నికల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, బోరింగు దగ్గర మాత్రం అందరి బిందెలూ ఒకే వరుసలో ఉంటాయి. నాట్లప్పుడు మాకు బదులు పని ఇప్పటికీ ఉంది: ఈ రోజు మా మడికి వాళ్లు, రేపు వాళ్ల మడికి మేము, మధ్యలో డబ్బు ఉండదు. కొత్తగా వచ్చినవాడు ఇందులో చేరాలంటే ఒకటి రెండేళ్లు ముందు తాను వెళ్లి పనిచేయాలి.

ఇదే సంగతిని పెద్ద ఎత్తున చూడాలంటే భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరుకు ఒక రోజు వెళ్లిరండి. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో 1956లో మొదలైన సహకార సంఘం అది. రైతు తన సంఘంలోనే అప్పు తీసుకొని, అక్కడే ఎరువు కొని, పంట అక్కడే అమ్ముతాడు. పక్కనే ఆడవాళ్ల స్వకృషి డెయిరీ 2002లో పాల వ్యాపారంలోకి దిగింది. మోంథా వాన అందరికన్నా ఎక్కువగా పడ్డది కూడా ఆ మండలంలోనే, సంఘం ఉన్నంత మాత్రాన వాన ఆగదు. కాని మునిగిన రైతు మళ్లీ విత్తనం కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన అవసరం తక్కువ. మీరు బర్రె కొనే ముందు మీ ఊరికి ఏ పాలకేంద్రం బండి వస్తుందో, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారో కనుక్కోమని చెప్పేది ఇందుకే.

వార్తలు చూసి మనసు విరిగిందన్నారు. ఉదయం పత్రిక ఒక్కసారి చదువుతాను, అందులోనూ వాతావరణం, మార్కెట్ ధరలు, జిల్లా పేజీ ముందు. రాత్రి చర్చలు చూడడం 2019లో మానేశాను. మానినందువల్ల నాకు తెలియకుండా పోయిన సంగతి ఇంతవరకు కనబడలేదు.

నా సలహా ప్రకారం ఈ ఏడాది మీరు ఉద్యోగంలోనే ఉండండి. వేసవిలో కాగితాలు, ఇంటి కప్పు, గుమ్మి కింద దిమ్మె, బావి పూడిక. వానాకాలానికి 24 గుంటల వరి, పది గుంటల కంది. దున్నకం, నాట్లు కూలికి ఇచ్చి, మీరు పదిహేను రోజులకొకసారి వెళ్లండి. ఆ పంటతో ఏడాది తిండి ఇంట్లో పడిన తర్వాత, 12 నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్న తర్వాత, ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానడం గురించి మాట్లాడుకోవచ్చు. రెండో జీతం పిల్లల చదువు ఒక దారికి వచ్చేదాకా ఉండనివ్వండి.

జీలుగ విత్తనం రోహిణి కార్తెకు ముందే తెచ్చిపెట్టుకోండి, ఎకరాకు 12 కిలోలు; వానలు పడ్డాక దొరకడం కష్టం. భూమి ఎవరి పేర ఉందో, నల్లరేగడా చెలకా, మీ బావిలో మే నెలలో నీళ్లు ఎన్ని మూరల లోతున ఉంటాయో మీరు రాయలేదు. అమ్మగారిని అడిగి ఆ మూడు సంగతులు తెలియజేస్తే, మిగిలిన 62 గుంటల్లో ఏది వేయాలో అప్పుడు రాస్తాను.